హారతిచ్చి అప్పగించిన మెస్

"నాకు క్యాన్సరే," అంది శ్యామలాంబ. "ఇంకొకటి కాదు. ఇంకొకటని తేలినా నేను ఒప్పుకోను."

కోడలు సుప్రజ చేతిలో రాగిజావ గ్లాసు ఉంది. అది పట్టుకుని ఆమె మంచం పక్కన నిలబడి చాలాసేపయింది. జావ మీద తొరక కట్టింది.

"ఇదేమన్నా కూరగాయల బండా అత్తయ్యా, కావలసింది ఏరుకోడానికి? నేనడిగేది ఒక్కటే. రేపటి పెద్ద ఆపరేషన్ ఆపమనండి. దాని బదులు పొట్టకి చిన్న రంధ్రం పెట్టి, కెమెరాతో లోపల చూసి, ముక్క తీస్తారు. ఆ ముక్క ఏమిటో తేలాక, కొయ్యాల్సి ఉంటే అప్పుడు కోస్తారు."

"ముందు ముక్కా, తర్వాత కోతా? రెండుసార్లు ఎందుకు? ఒకేసారి తీసెయ్యమని డాక్టరమ్మకి నేనే చెప్పాను. గర్భసంచి, అండాశయాలు, ఆ చుట్టుపక్కల ఇంకేమున్నా సరే. ఈ వయసులో వాటితో నాకేం పని?"

"డాక్టర్ కమలాదేవి గారు రెండు దార్లూ చెప్పారు. సాయంత్రం లోగా ఏదో ఒకటి తేల్చి ఫోన్ చెయ్యమన్నారు."

"తేల్చేశాను."

కుర్చీలో కూర్చున్న కొండలరావు పేపరు కొంచెం కిందికి దించాడు. "అమ్మాయి అనేది ఏవిటంటే శ్యామలా..."

"మీరు పేపరు చదువుకోండి."

కొండలరావు పేజీ తిప్పాడు. అది నిన్నటి పేపరు.

కొడుకు బాబీ గుమ్మంలో నిలబడి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. మల్కాజ్‌గిరిలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఇంట్లో ఎవరు చివర మాట్లాడితే అతను వాళ్ళ పక్షం.

"అమ్మ చెప్పింది కూడా పాయింటే," అన్నాడు బాబీ. "ఒకేసారి అయిపోతుంది."

"అయిపోయాక టీబీ అని తేలితే?" అంది సుప్రజ. "తీసేసినవి తిరిగి పెడతారా?"

"అదీ పాయింటే," అన్నాడు బాబీ. "టీబీ అయితే మాత్రలున్నాయమ్మా. ఆర్నెల్లు వేసుకుంటే చాలామందికి పూర్తిగా తగ్గిపోతుందట."

"నెమ్మదిగా!" శ్యామలాంబ బాల్కనీ వైపు చూసింది. "ఆ మాట ఇంట్లో అనొద్దని చెప్పానా?"

"ఏ మాట?"

"ఆ రెండక్షరాలు."

"క్యాన్సర్ అని మాత్రం మీరే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పొచ్చారు," అంది సుప్రజ.

"అది వేరు. క్యాన్సర్ అన్నాక కింది ఫ్లాటు సుధామయి రోజూ కొబ్బరినీళ్ళు పట్టుకొస్తోంది. పైవాళ్ళు మధ్యాహ్నం పూట రోలు వాడడం మానేశారు. అదే రెండోది అని తెలిస్తే సుధామయి తన గ్లాసు కూడా వెనక్కి పట్టుకెళ్ళదు."

"ఊపిరితిత్తుల్లో ఉంటే దగ్గుతో పాకుతుందత్తయ్యా. మీ ఛాతీ ఎక్స్‌రే బాగుంది. ఉంటే గింటే పొట్టలో ఉంది. మీరు వండితే ఎవరికీ అంటదు."

"ఆ సంగతి నువ్వు హాస్టళ్ళన్నీ తిరిగి ఒక్కొక్క పిల్లాడికీ చెప్పొస్తావా?"

సుప్రజ గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుంది.

శ్యామల మెస్ వీళ్ళ అపార్ట్‌మెంట్ వెనక సందులో ఉంది. తార్నాకలో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, క్యాంపస్ హాస్టళ్ళలో కూర నచ్చని పిల్లలు అక్కడ తింటారు. శ్యామలాంబ పదిహేనేళ్ళు నడిపింది. ఎదురుగా సమ్మక్క కర్రీ పాయింట్ ఉంది. సమ్మక్కది జనగామ వైపు. లేడీస్ హాస్టల్ అమ్మాయిల భోజనాలు ఎవరివి అన్న దగ్గర ఇద్దరికీ చెడింది. అప్పటినుంచి మాటల్లేవు. సందులో ఒకరు ముగ్గు వేస్తుంటే ఇంకొకరు తలుపు వేసుకునేవారు.

పొట్టలో నీరు చేరి, ఆ నీరు తీసి, రక్తంలో క్యాన్సర్ అనుమానానికి చూసే సీఏ 125 అనే పరీక్షలో నాలుగు వందల పన్నెండు వచ్చిన రోజు సాయంత్రం శ్యామలాంబ సమ్మక్కని పిలిపించింది. భోజనాలు జరుగుతున్నాయి. అందరి ముందూ ఆమెకి బొట్టు పెట్టింది. హారతి ఇచ్చింది. మెస్ తాళంచెవులు చేతిలో పెట్టింది. పిల్లలు లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు ఏడ్చారు. తర్వాత కూర్చుని రెండోసారి సాంబారు అడిగారు.

"సమ్మక్కకి మెస్ ఇచ్చేశాను," అంది శ్యామలాంబ. "సుధామయిని నీళ్ళ మోటారు విషయంలో క్షమించాను. మీ పిన్నత్తగారిని క్షమించాను. ఈయన్ని కూడా క్షమించాను."

"నన్నెందుకు?" అన్నాడు కొండలరావు.

"అడిగితే మళ్ళీ గుర్తొస్తుంది. వద్దు." ఆమె సుప్రజ వైపు తిరిగింది. "ఇప్పుడు నాకేమీ కాదంటే ఏం చెయ్యను? క్షమించడం వాపసు తీసుకుంటున్నానని ఇంటింటికీ తిరిగి చెప్పనా? పెళ్ళివారింట్లో అందరికీ చెప్పి బయల్దేరి, చెప్పులు కనపడక మళ్ళీ లోపలికొచ్చినట్టు ఉంటుంది."

బాబీ నవ్వాడు. సుప్రజ నవ్వలేదు.

"చెప్పులు కనపడకపోతే లోపలికి రావాల్సిందే అత్తయ్యా."

వెనక సందులోంచి పోపు వాసన వచ్చింది. శ్యామలాంబ ముక్కు ఎగబీల్చింది. ఏదో అనబోయి మానేసింది.

"మా డిపార్ట్‌మెంట్లో ఇంకో పరీక్ష పెట్టాను," అంది సుప్రజ. "మీ పొట్టలోంచి తీసిన నీటిలో మిగిలింది మీ సంతకంతో పట్టుకెళ్ళాను కదా. ఏడీఏ అని. టీబీ అయితే అది ఎక్కువగా వస్తుంది. మధ్యాహ్నానికి తెలుస్తుంది. ఎక్కువ వస్తే ఆపరేషన్ ఆపుతారా?"

"తక్కువ వస్తే?"

"రాదు."

"వస్తే?"

"రాదత్తయ్యా. మూడేళ్ళుగా పీహెచ్‌డీలో నేను చేస్తున్నది ఇదే పని."

శ్యామలాంబ చెయ్యి చాచి గ్లాసు తీసుకుంది. తొరకని వేలితో పక్కకి తీసింది.

"సరే. నీ నీళ్ళు ఏం చెబుతాయో కనుక్కురా."

బాబీ బూట్లు తొడుక్కోవడం అయింది. "ఇది బాగుంది," అన్నాడు.

*

ఏడీఏ ముప్పై ఆరు వచ్చింది.

సుప్రజ కాగితం రెండుసార్లు చూసింది. పక్కన నిలబడ్డ అమల, అదే ల్యాబులో చేరిన జూనియర్, "గీత ముప్పై తొమ్మిది దగ్గర పెట్టుకున్నం కదక్కా," అంది.

"తెలుసు."

"మూడే తక్కువ."

"తెలుసమలా."

"మళ్ళ చేద్దామా?"

"రెండుసార్లు చేశాం కదా."

"రెండోసారి ముప్పై ఏడు వచ్చింది," అంది అమల. "పెరుగుతున్నది. ఇంకోసారి చేస్తే..."

వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ప్రొఫెసర్ శశిభూషణ్. సుప్రజ గైడు. ఆయన చేతిలో జామకాయ ముక్కల పొట్లం ఉంది. క్యాంపస్ గేటు దగ్గర కొనుక్కుంటాడు. ఉప్పూకారం విడిగా కట్టించుకుంటాడు.

"మనకి కావలసిన అంకె వచ్చేదాకా చేస్తే దాన్ని పరీక్ష అనరమ్మా అమలా," అన్నాడు. "ఎవరి శాంపిల్?"

"మా అత్తగారిది సర్," అంది సుప్రజ.

ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. "కూర్చో. వైవా మొదలుపెడదాం."

ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ ఈ వైవా తెలుసు. ఆయన పేషెంటు అవుతాడు. స్కాలర్ ఇంగ్లిష్ ముక్క వాడకుండా ఫలితం చెప్పాలి. పోయినసారి ఆయన నిజామాబాద్ నుంచి వచ్చిన రైతు. అంతకు ముందు రిటైరైన జడ్జి. ఈసారి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు ముడుచుకుని, ల్యాబ్ కోటు కొంగులా భుజం మీద వేసుకున్నాడు.

"చెప్పమ్మాయ్," అన్నాడు. "నాకు క్యాన్సరా, కాదా?"

అమల తల తిప్పేసుకుంది.

"అత్తయ్యా," అంది సుప్రజ. అని ఆగింది. "సర్, ఇది..."

"అత్తయ్య."

"అత్తయ్యా, మీ రక్తంలో సీఏ 125 నాలుగు వందల పన్నెండు ఉంది. ముప్పై అయిదు లోపు ఉండాలి. అండాశయం క్యాన్సర్లో ఇది పెరుగుతుంది."

"అంటే క్యాన్సరే. నేను చెప్పలా?"

"కాదు. పొట్ట లోపల గోడకి ఒక పొర ఉంటుంది. ఆ పొరకి ఏ బాధ కలిగినా ఇది పెరుగుతుంది. క్యాన్సరొచ్చినా, టీబీ వచ్చినా, కాలేయం చెడి నీరు చేరినా."

"అయితే ఇది ఏమీ చెప్పదన్నమాట."

"ఏదో బాధ ఉందని చెబుతుంది."

"పొట్ట కుండలా అయినప్పుడే నాకు తెలుసది. తర్వాత?"

"మీ పొట్టలోంచి తీసిన నీటిలో సీఈఏ అని ఇంకోటి చూశాం. అది తక్కువగా ఉంది."

"తక్కువంటే క్యాన్సర్ లేనట్టేగా?"

"కాదు. బాగా ఎక్కువుంటే క్యాన్సర్ అని గట్టిగా అనుమానించొచ్చు. తక్కువుంటే లేదని చెప్పలేం. అండాశయం క్యాన్సర్లో చాలాసార్లు అది తక్కువే ఉంటుంది."

"మరి నీళ్ళలో పురుగులూ అవీ వెతికారటగా?"

"కణాలు. క్యాన్సర్ కణాలు కనబడలేదు."

"అమ్మయ్య."

"కనబడలేదంటే లేవని కాదు."

శశిభూషణ్ లేని కొంగు సర్దుకున్నాడు. "స్కానింగ్?"

"పేగుల మీద కప్పినట్టుండే కొవ్వు పొర మందంగా ఉంది. రెండింట్లోనూ అలా ఉండొచ్చు."

"ఏదో కొత్తది ఇవాళ వస్తుందన్నావు. అది రాగానే తేలిపోతుందన్నావు."

సుప్రజ కాగితం వైపు చూసింది. "ముప్పై ఆరు."

"ఎంత ఉండాలి?"

"ముప్పై తొమ్మిది దాటితే టీబీ వైపు మొగ్గు."

"దాటలేదు."

"దాటలేదు. కానీ దగ్గరగా ఉంది. టీబీ కాదని కొట్టెయ్యలేం."

శశిభూషణ్ కాళ్ళు కింద పెట్టాడు. "అమ్మాయ్," అన్నాడు, ఇంకా అదే గొంతుతో, "ఇన్ని పరీక్షలు చేసి ఇన్నిసార్లూ నువ్వు నాకు చెప్పింది ఒక్కటే. తెలీదని."

అమలకి నవ్వు ఆగలేదు. బయటికి వెళ్ళిపోయింది.

"నేను ఇంట్లో టీబీ అనే చెప్పాను సర్," అంది సుప్రజ.

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. అదే అయితే బాగుంటుందని..."

ఆయన ల్యాబ్ కోటు తీసి మళ్ళీ మామూలుగా తొడుక్కున్నాడు. "నీ థీసిస్ పేరేమిటి?"

"శరీర కుహరాల్లో చేరే నీటిలో క్యాన్సర్ సూచికల ప్రయోజనాలు, పరిమితులు."

"చివరి మాట ఎప్పుడైనా చదివావా?"

సుప్రజ చేతిలోని కాగితం మడిచింది.

"ఆవిడ ఆశపడింది క్యాన్సర్ మీద. నువ్వు ఆశపడింది టీబీ మీద. ఇద్దరి దగ్గరా ఉన్నవి అవే కాగితాలు." ఆయన జామముక్కల పొట్లం ఆమె వైపు జరిపాడు. "ఇన్ని పరీక్షలు తెలీదన్నాయంటే అది కూడా ఒక జవాబే. ముక్క తీసి చూడమని. వెళ్ళి అది చెప్పు. ముప్పై ఆరు అనే చెప్పు. ముప్పై తొమ్మిది చెయ్యకు."

"ఒప్పుకోరు సర్. తక్కువ వస్తే ఏం చేస్తావని పొద్దున అడిగారు. రాదన్నాను."

"మంచి ప్రశ్న అడిగారు," అన్నాడు శశిభూషణ్. "వచ్చే ఏడాది మా సెమినార్‌కి ఆవిడ్ని పిలుద్దాం."

వచ్చే ఏడాది అన్న మాటకి సుప్రజ మొహం మారడం చూసి, ఉప్పూకారం పొట్లం చుట్టేశాడు.

*

సుప్రజ తలుపు తీసేసరికి ముందుగదిలో సమ్మక్క ఉంది.

ఆమె కూర్చోలేదు. చేతిలో చుట్టిన ఫ్లెక్సీ ఉంది. నడుముకి తాళంచెవుల గుత్తి ఉంది. శ్యామలాంబ మంచం దిగి కుర్చీలోకి వచ్చింది. కొండలరావు కిటికీ దగ్గర నిలబడి మెట్రో రైలు వెళ్తుంటే చూస్తున్నాడు. రైలు వెళ్ళిపోయాక కూడా అటే చూస్తున్నాడు.

"మంచిగొచ్చినవ్ సుప్రజమ్మా," అంది సమ్మక్క. "నువ్వే చెప్పు. మీ అత్తకు కాన్సర్ కాదంట గదా?"

సుప్రజ అత్తగారి వైపు చూసింది.

"ఎవరు చెప్పారు?" అంది శ్యామలాంబ.

"సారే చెప్పిండు. పొద్దుగాల టిఫిన్‌కు వచ్చిండు, చెప్పలే. మధ్యాహ్నం అన్నానికి వచ్చిండు. చారు పోస్తుంటె చెప్పిండు."

ముప్పై ఏళ్ళు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసి, ఒక్క ఫలితం కూడా ముందుగా బయటికి పొక్కనివ్వని మనిషి కొండలరావు. ఆయన కిటికీలోంచి మొహం తిప్పకుండానే, "సమ్మక్క బాధపడుతోందని చెప్పాను," అన్నాడు. "నీ గురించి రోజూ ఏడుస్తోంది శ్యామలా. చారులో పడుతున్నాయి కన్నీళ్ళు."

"ఇంకేం చెప్పారు?"

కొండలరావు కిటికీ రెక్క కొంచెం దగ్గరగా వేశాడు.

"ఆ రెండక్షరాలు చెప్పారా?"

"ఒక అక్షరం చెప్పేలోగా సమ్మక్కే రెండోది అనేసింది."

శ్యామలాంబ కళ్ళు మూసుకుంది. సమ్మక్క ఫ్లెక్సీ తాడు విప్పింది.

"గది పక్కన వెట్టు. ముందుగాల గిది జూడు. ఇయ్యాలనే వచ్చింది. ఇప్పుడు దీన్ని ఏం జెయ్యాలె?"

ఫ్లెక్సీ నేలమీద పరుచుకుంది. మధ్యలో 'సమ్మక్క మెస్' అని ఉంది. కింద 'ఆంధ్రా, తెలంగాణ భోజనములు' అని ఉంది. పైన ఎడమ మూల వెంకటేశ్వరస్వామి, కుడి మూల గుండ్రటి చట్రంలో శ్యామలాంబ. చట్రం చుట్టూ బంతిపూలు. ఫోటో కింద 'దివ్య ఆశీస్సులతో'.

శ్యామలాంబ ఒక్కొక్క అక్షరమూ చదివింది.

"ఇందులో నేను పోయినట్టున్నాను," అంది శ్యామలాంబ.

"పోతవనే గదా ఏపిచ్చిన."

"ఇంకా పోలేదుగా సమ్మక్కా."

"నాకేం ఎరుక? హారతి వట్టినవ్. బొట్టు వెట్టినవ్. పోరగాండ్లంత ఏడిసిండ్రు. ఇంక నాలుగు రోజులే అనుకున్న. పూలు వద్దన్న నేను. ఫ్లెక్సీ పిల్లగాడే, ఫోటో అంటే గిట్లనే వస్తది అన్నడు."

"చీర ఏదది?" శ్యామలాంబ ముందుకి వంగింది. "నాకలాంటి చీర లేదే."

"మొఖమే నీది. చీర ఆళ్ళే తొడిగిండ్రు."

కొండలరావు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని భార్యకి తెలిసింది. "మీరు అటే చూడండి," అంది. తర్వాత సమ్మక్కతో, గొంతు తగ్గించి, "నీకేం భయం లేదు. బోర్డు పెట్టుకో. ఇచ్చినది నేను వెనక్కి అడిగే మనిషిని కాను. రేపు ఆపరేషన్ ఉంది. కోయించుకుంటున్నాను," అంది.

"కాన్సర్ కానప్పుడు కోపిచ్చుకోనుడు ఎందుకు?"

"మాటిచ్చాను కనక."

సమ్మక్క ఫ్లెక్సీ మీంచి తలెత్తింది. "ఏందీ? నాకు మెస్ ఇచ్చినవని కోపిచ్చుకుంటవా?"

"అలా అనలేదు."

"గట్లనే అన్నవ్. సుప్రజమ్మా, అన్నదా లేదా?"

"అన్నారు," అంది సుప్రజ.

"నువ్వుండు," అంది శ్యామలాంబ. "నీ అంకె సంగతేవిటి? వచ్చిందా?"

సుప్రజ సంచీ భుజం మీంచి దించింది. దారి పొడుగునా ఆటోలో అనుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది దాటాలి. దాటలేదు."

"తక్కువొచ్చిందన్నమాట."

"తక్కువొచ్చింది. పొద్దున నేను రాదన్నాను. తప్పు చెప్పాను అత్తయ్యా. టీబీయేనని అన్నాను, అదీ తప్పే. మీకు టీబీ కావచ్చు. క్యాన్సర్ కూడా కావచ్చు. ఇన్ని పరీక్షలున్నాయి, దేన్ని అడిగినా తెలీదంటోంది. నాకూ తెలీదు. ముక్క తీస్తే తప్ప ఎవరికీ తెలీదు."

శ్యామలాంబ కోడలి మొహం చూసింది. పెళ్ళయి నాలుగేళ్ళు. ఈ పిల్ల నోట తప్పు అన్న మాట రావడం ఇదే మొదలు. ఆ సంగతి ఆమె పైకి అనలేదు. కానీ కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంది.

"అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం ఇంకా ఉంది."

"ఉంది."

"విన్నావా సమ్మక్కా? ఉందట. నీ బోర్డుకేం ఢోకా లేదు."

"నీ నోట్ల మన్ను వడ!" సమ్మక్క నేలమీద కూలబడింది. "గిదేం మాటక్కా? నా బోర్డు కోసం నీకు కాన్సర్ రావాల్నా? రేపు నిన్ను కోస్తరు. కోసినంక కాన్సర్ కాదని తేలుతది. నీకేమన్న అయితది. అప్పుడు తార్నాకల ఎవలకు అంటుకుంటది? నాకు. మెస్ కోసం సమ్మక్క ముసల్దాన్ని కోపిచ్చింది అంటరు. మా అన్న నరహరి ఒక్కడు చాలు, మల్కాజ్‌గిరి దాక చెప్తడు."

"ముసలిది ఎవరు?"

"ఫ్లెక్సీల ఉన్నామె."

కొండలరావు ఈసారి పైకే నవ్వాడు. సుప్రజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్యామలాంబ ఇద్దర్నీ చూసింది. ఆమె పెదవి ఒక పక్క కదిలింది. వెంటనే సర్దుకుంది.

"అయితే తాళాలిచ్చెయ్," అంది.

సమ్మక్క చెయ్యి నడుము మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

"ఇయ్య."

"ఏవిటీ?"

"ఇయ్యనక్కా. నువ్వు పోతున్ననని ఇచ్చినవ్. నేను తీసుకున్న. నా దుకాణం మా మరదలుకు అప్పజెప్పిన. లేడీస్ హాస్టల్ పిల్లలు నిన్ననే వచ్చి అడిగిండ్రు, రాత్రి భోజనం మీ దగ్గరనే అని. పచ్చిపులుసు రెండుసార్లు పోపిచ్చుకుంటున్నరు. ఇప్పుడు తిరిగి ఇయ్యమంటే ఎట్లిస్త?"

"పచ్చిపులుసా?" అంది శ్యామలాంబ. "నా మెస్‌లోనా?"

"నీ మెస్ ఏడున్నది?"

"లేడీస్ హాస్టల్ వాళ్ళా? రెండుసార్లా?"

"గిన్నె కడిగే పని కూడ వెట్టలే."

కింద సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది స్టార్ట్ కాలేదు.

పదేళ్ళ గొడవ ఆ హాస్టల్ భోజనాల కోసమే. ఆ అమ్మాయిలు శ్యామలాంబ దగ్గరికి ఏనాడూ రెండోసారి పులుసు కోసం రాలేదు. ఆ విషయం గదిలో అందరికీ తెలుసు.

"నువ్వు బతికి రా," అంది సమ్మక్క. ఆమె ఫ్లెక్సీ చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట వంకరగా వస్తోంది. "ఏదున్నా కనుక్కొని రా. మందులు తిను. లేసి కిందికి రా. వచ్చి అడుగు. అప్పుడు కూడ ఇయ్య. కొట్లాడుత. సచ్చేటామెతోని ఎట్ల కొట్లాడాలె నేను? ఏం మాట్లాడినా పాపం అంటరు. నాకు మొన్నటి సంది తిన్నది అరుగుతలేదు."

శ్యామలాంబ చెయ్యి చాచింది. "ఫోనివ్వు," అంది సుప్రజతో. "డాక్టరమ్మ నంబరు కలిపి ఇవ్వు."

సుప్రజ కలిపింది. అటువైపు కమలాదేవి ఎత్తింది.

"నేను శ్యామలాంబనమ్మా. పెద్ద కోత వద్దు. ముక్కే తీయండి... ఆఁ, నేనే చెబుతున్నాను, ఎవరూ బలవంతం చెయ్యలేదు... రేపే తీయండి. ఆలస్యం అయితే ఇక్కడ నాకు చాలా నష్టం ఉంది... లేదమ్మా, ఆరోగ్యం గురించి కాదు."

సుప్రజ గోడకి ఆనుకుంది. మావగారు ఆమె వైపు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకో మాట," అంది శ్యామలాంబ ఫోన్లో. "ముక్కలో ఏం తేలినా నాకొక్కదానికే చెప్పాలి. మా ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. మా ఆయనకి అసలే వద్దు... మా కోడలా? చదువుకున్న పిల్లేనమ్మా. దానికీ వద్దు. అది ముందే ఒకటి అనుకుని చదువుతుంది... ఆఁ. కాగితం ఇస్తే సంతకం పెడతాను."

ఆమె ఫోన్ మంచం మీద పెట్టింది.

"అదేవిటత్తయ్యా!" అంది సుప్రజ. "రిపోర్టు మీకెలా అర్థమవుతుంది?"

"డాక్టరమ్మ తెలుగులో చెబుతుంది. సరేనంది."

"శ్యామలా," అన్నాడు కొండలరావు. "నాకు చెప్పకపోతే ఎలా? నేను నీ..."

"చారు పోస్తుంటే చెబుతారు మీరు."

"మందులు వాడాల్సొస్తే?"

"వాడుకుంటాను. ఏ మందో మీకెందుకు? ఏం తేలిందో, ఎవరికి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. క్యాన్సర్ అని చెబితే క్యాన్సర్. గ్యాస్ అని చెబితే గ్యాస్."

బాబీ ఇంటికొచ్చాక ఎవరి పక్షం ఉంటాడో సుప్రజకి మొదటిసారి అర్థం కాలేదు.

సమ్మక్క లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగింది.

"అక్కా, మరి నాకు? నాకన్న నిజం చెప్తవా?"

శ్యామలాంబ ఆమెని పైనుంచి కిందికి చూసింది. తాళంచెవుల దగ్గర చూపు ఆగింది.

"నీకే, అందరికంటే చివర్న," అంది.